హాసెల్‌బ్లాడ్ ఎక్స్2డి 100సి: మీడియం ఫార్మాట్ డిజిటల్ కెమెరా

హాసెల్‌బ్లాడ్ ఎక్స్2డి 100సి స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ కంపెనీ తయారుచేసిన మీడియం ఫార్మాట్ డిజిటల్ కెమెరా. 2022 సెప్టెంబరులో విడుదలైంది. లోపల అద్దం ఉండని మిర్రర్‌లెస్ కోవకు చెందినది. 43.8 మి.మీ. పొడవు, 32.9 మి.మీ. వెడల్పు గల సెన్సర్ మీద పది కోట్లకు పైగా పిక్సెళ్ళతో బొమ్మను నమోదు చేస్తుంది. విడుదలైనప్పుడు దీని ధర, లెన్స్ కాకుండా, 8,199 అమెరికన్ డాలర్లు. ఫ్యాషన్, ప్రకటనలు, ప్రకృతి దృశ్యాలు, కళాఖండాల నమోదు వంటి పనులు చేసే వృత్తి ఫోటోగ్రాఫర్ల కోసం రూపొందిన కెమెరా ఇది. వీడియో అసలు తీయదు. ప్రకటనల్లో 100 మెగాపిక్సెళ్ళ మాటే ముందు వినిపిస్తుంది గానీ, నిర్మాణం తెలిసినవారు దీని బలం లెన్సులోనే అమర్చిన షట్టర్‌లోనూ, పెద్ద సెన్సర్ అందించే వెలుగునీడల వివరంలోనూ చూస్తారు.

మీడియం ఫార్మాట్ కొలతలు

మీడియం ఫార్మాట్ అనే వర్గం ఫిల్ము కాలం నుంచి వచ్చింది. కొడాక్ 1901లో ప్రవేశపెట్టిన 120 రోల్ ఫిల్ము వెడల్పు సుమారు ఆరు సెంటీమీటర్లు. దాని మీద 6×6 చదరంగా తీస్తే ఒక రోల్‌కు 12 ఫోటోలు వచ్చేవి. చదరం అసలు కొలత 56 మి.మీ. చొప్పున ఉంటుంది. 35 మి.మీ. ఫిల్ము మీద బొమ్మ 36×24 మి.మీ. మాత్రమే. తెలుగు ఊళ్ళలోని స్టూడియోల్లో ఒకప్పుడు యాషికా, రోలీకార్డ్ వంటి జంట లెన్సుల కెమెరాలు ఉండేవి. ఫోటోగ్రాఫరు కెమెరాను పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి, పైనున్న గాజు పలక మీద బొమ్మ చూసుకునేవాడు. పాత పెళ్ళి ఆల్బమ్‌లలో నల్ల కాగితం మీద మూలలు అతికించిన చదరపు ఫోటోలు చాలావరకు ఆ 120 ఫిల్మువే. మీడియం ఫార్మాట్ మనకు కొత్తదేమీ కాదు. డిజిటల్ రూపంలో మాత్రం సామాన్య స్టూడియోకు అందనంత ఖరీదైపోయింది.

ఖరీదుకు కారణం సిలికాన్. సెన్సర్ వైశాల్యం పెరిగేకొద్దీ ఒక పళ్ళెం లాంటి సిలికాన్ పలక నుంచి వచ్చే సెన్సర్ల సంఖ్య తగ్గుతుంది, లోపం తగిలి పారేయాల్సినవాటి వాటా పెరుగుతుంది. అందుకే 56 మి.మీ. చదరపు సెన్సర్ మార్కెట్లో వాడుకలోకి రాలేదు. నేటి డిజిటల్ మీడియం ఫార్మాట్‌లో ప్రధానంగా రెండు కొలతలున్నాయి. ఒకటి ఫిల్ము నాటి 645 కొలతకు దగ్గరగా ఉండే 53.4×40 మి.మీ.; రెండోది వాడుకలో 44×33 అని పిలిచే చిన్న కొలత. ఎక్స్2డి రెండో తరగతిది.

కొనదలచినవారు ఇక్కడ ఒక లెక్క చూసుకోవాలి. 44×33 సెన్సర్ వైశాల్యం సుమారు 1,440 చదరపు మి.మీ. 36×24 మి.మీ. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌ది 864. అంటే ఇది దానికి 1.67 రెట్లు. అదే ఫుల్ ఫ్రేమ్‌ను చిన్న కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సి సెన్సర్‌తో పోలిస్తే తేడా రెండుంపావు రెట్లకు పైనే. ఏపీఎస్-సి నుంచి ఫుల్ ఫ్రేమ్‌కు మారినప్పుడు కనిపించే తేడా కన్నా, ఫుల్ ఫ్రేమ్ నుంచి 44×33కు మారినప్పుడు కనిపించేది తక్కువే. ప్రచారం వేరేలా చెప్పినా క్షేత్రగణితం ఇదే చెబుతుంది.

కంపెనీ చరిత్ర

హాసెల్‌బ్లాడ్ కుటుంబం గోథెన్‌బర్గ్‌లో 1841లో వ్యాపారం మొదలుపెట్టింది. కెమెరాల తయారీలోకి దిగింది మాత్రం ఆ వంశంలో 1906లో పుట్టిన విక్టర్ హాసెల్‌బ్లాడ్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో స్వీడన్ వైమానిక దళం తమ చేతికి చిక్కిన జర్మన్ కెమెరా ఒకటి చూపించి, అంతకన్నా మంచిది చేసిపెట్టమని అడిగింది. అలా 1941లో హెచ్‌కె-7 అనే విమాన కెమెరా తయారైంది. విక్టర్ పక్షుల ప్రేమికుడు. చేతిలో ఇమిడే, లెన్సూ ఫిల్ము డబ్బా మార్చుకోగలిగే పౌర కెమెరా ఆయన అసలు కోరిక. అది 1948లో 1600ఎఫ్ పేరుతో న్యూయార్క్‌లో విడుదలైంది. 1600 అంటే సెకనులో 1,600వ వంతు షట్టర్ వేగం. ఆ షట్టర్ ఫిల్ము ముందు తెరలా నడిచే రకం. సున్నితమైనది, తరచూ పాడయ్యేది. 1957లో వచ్చిన 500సి ఆ తెరను వదిలేసి, లెన్సు లోపల తెరుచుకుని మూసుకునే కాంపర్ షట్టర్‌ను చేపట్టింది. వేగం 500వ వంతుకు తగ్గింది, నమ్మకం పెరిగింది. ఎక్స్2డి కూడా ఆ నిర్ణయం మీదే నడుస్తోంది.

500సిని 1962లో వ్యోమగామి వాల్టర్ షిరా అంతరిక్షంలోకి తీసుకెళ్ళాడు. 1968 డిసెంబరులో అపోలో 8 నుంచి విలియం ఆండర్స్ తీసిన భూమి ఉదయించే దృశ్యం, 1969లో అపోలో 11 చంద్రుడి నేల మీద తీసిన ఫోటోలు హాసెల్‌బ్లాడ్ కెమెరాలతో తీసినవే. అపోలో 11 ఫోటోల్లో కనిపించే చిన్న చిన్న ప్లస్ గుర్తులు కెమెరాలో ఫిల్ముకు ముందు అమర్చిన గాజు పలక మీదివి. ఫోటోలో దూరాలు కొలవడానికి వాటిని పెట్టారు. తిరుగు ప్రయాణంలో బరువు తగ్గించుకోవడానికి కెమెరాలను అక్కడే వదిలేసి, ఫిల్ము మ్యాగజైన్లు మాత్రం వెంట తెచ్చుకున్నారు.

2002లో ఫ్యూజీఫిల్మ్ సహకారంతో హెచ్1 వచ్చింది. ఆ వరుస డిజిటల్‌లోకి మారి 2016లో హెచ్6డి వరకూ సాగింది. అదే సంవత్సరం జూన్‌లో కంపెనీ ఎక్స్1డి-50సిని ప్రకటించింది. మీడియం ఫార్మాట్ డిజిటల్ కెమెరాల్లో తొలి మిర్రర్‌లెస్ అదే. డ్రోన్ల తయారీ సంస్థ డీజేఐ 2015లో హాసెల్‌బ్లాడ్‌లో వాటా కొని, తర్వాత ప్రధాన యజమాని అయింది. విక్టర్ దంపతుల ఆస్తితో ఏర్పడిన ఫౌండేషన్ వేరుగా ఏటా అంతర్జాతీయ పురస్కారం ఇస్తుంది. ఎక్స్2డి వచ్చిన 2022లోనే ఆ పురస్కారం భారతీయ ఛాయాగ్రాహకురాలు దయానితా సింగ్‌కు దక్కింది. ఆమె చాలాకాలం హాసెల్‌బ్లాడ్ చదరపు ఫిల్ము కెమెరాతో పనిచేశారు.

సెన్సర్

మీడియం ఫార్మాట్ డిజిటల్ కెమెరాలు 2014 దాకా సీసీడీ సెన్సర్ల మీద ఆధారపడ్డాయి. స్టూడియో దీపాల కింద అవి అద్భుతంగా పనిచేసేవి; వెలుగు తగ్గితే, ఐఎస్‌ఓ పెంచితే బొమ్మలో గింజలు లేచేవి. 2014లో సోనీ తయారుచేసిన 50 మెగాపిక్సెళ్ళ సీమాస్ సెన్సర్ వచ్చాక పరిస్థితి మారింది. డెన్మార్క్ కంపెనీ ఫేజ్ వన్ తెచ్చిన ఐక్యూ250, హాసెల్‌బ్లాడ్ హెచ్5డి-50సి, పెంటాక్స్ 645జెడ్ మూడూ దాన్నే వాడుకున్నాయి. స్టూడియో దాటి ఆరుబయట చీకటి పడే వేళల్లో కూడా మీడియం ఫార్మాట్ నమ్మకంగా పనిచేయడం ఆ ఏడాది నుంచే.

ఎక్స్2డిలో ఉన్నది ఆ వంశంలో తర్వాతి తరం. వెలుగును గ్రహించే పొర పైన, తీగల పొర కింద ఉండే బ్యాక్ ఇల్యూమినేటెడ్ నిర్మాణం దీనిది. ఫ్రేము 11,656 అడ్డం, 8,742 నిలువు పిక్సెళ్ళు. అంగుళానికి 300 పిక్సెళ్ళ చొప్పున అచ్చువేస్తే సుమారు 39×29 అంగుళాల ప్రింటు, పిక్సెళ్ళను సాగదీయకుండానే వస్తుంది. ఒక్కో పిక్సెల్ వెడల్పు 3.76 మైక్రాన్లు. సోనీ 61 మెగాపిక్సెళ్ళ ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌లోనూ, ఫేజ్ వన్ ఐక్యూ4 150 మెగాపిక్సెళ్ళ బ్యాక్‌లోనూ పిక్సెల్ వెడల్పు సరిగ్గా ఇంతే. అంటే విడి పిక్సెల్‌గా చూస్తే మూడింటి నాణ్యత దాదాపు ఒకటే. పెద్ద సెన్సర్ చేసేది అలాంటి పిక్సెళ్ళను ఎక్కువ సంఖ్యలో కూర్చడం. ఒకే సైజు ప్రింటు తీసినప్పుడు పెద్ద సెన్సర్ బొమ్మను తక్కువ పెంచితే చాలు కాబట్టి గింజలు తక్కువగా, అంచులు తేటగా కనిపిస్తాయి. ఫుల్ ఫ్రేమ్‌తో పోలిస్తే ఆ లాభం సుమారు ముప్పావు స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు).

కనీస ఐఎస్‌ఓ 64, గరిష్ఠం 25,600. డైనమిక్ రేంజ్ 15 స్టాప్‌లని కంపెనీ చెబుతుంది. రా ఫైలు 16 బిట్లది. 14 బిట్లలో ఒక్కో రంగుకు 16,384 మెట్లుంటే, 16 బిట్లలో 65,536 మెట్లు వస్తాయి. ఈ అంకె చూసి నాలుగింతల రంగులు కనిపిస్తాయనుకోవడం సరికాదు. చివరి బిట్లలో చాలాభాగం సెన్సర్ గోలే నిండి ఉంటుంది. ఉపయోగం కనిపించేది ముదురు నీడల్ని బాగా తేల్చినప్పుడు. సూర్యాస్తమయం తర్వాతి ఆకాశం, ఒకే రంగు గోడ, నల్లటి ముఖం మీద పక్కనుంచి పడే వెలుగు లాంటి చోట్ల ఒక ఛాయ నుంచి ఇంకో ఛాయకు మారేటప్పుడు చారలు పడవు. ఐఎస్‌ఓ 64 దగ్గర ఆకాశాన్ని కాపాడుతూ కొంచెం తక్కువ వెలుగుతో తీసి, నేల నీడల్ని తర్వాత తేల్చుకునే పద్ధతి ఈ సెన్సర్‌కు బాగా నప్పుతుంది.

లెన్సులోని షట్టర్

చాలా మార్చుకునే లెన్సుల కెమెరాల్లో షట్టర్ సెన్సర్ ముందు ఉంటుంది. రెండు తెరలు ఒకదాని వెనక ఒకటి పరుగెత్తుతాయి. వేగం 250వ వంతు దాటితే మొదటి తెర పూర్తిగా తెరుచుకోకముందే రెండోది బయల్దేరుతుంది. ఏ క్షణంలోనూ సెన్సర్ మొత్తం తెరిచి ఉండదు. ఒక సన్నని చీలిక మాత్రమే దాని మీదుగా సాగిపోతుంది. ఫ్లాష్ వెలిగేది రెప్పపాటు కాలం కాబట్టి ఆ చీలిక ఉన్న మేరకే దాని వెలుగు అందుతుంది, మిగతా ఫ్రేము నల్లబడుతుంది. సెన్సర్ పెద్దదైతే తెరలు దాటాల్సిన దూరం పెరుగుతుంది. ఫ్యూజీఫిల్మ్ జీఎఫ్ఎక్స్ కెమెరాల్లో ఫ్లాష్ కలిసే వేగం 125వ వంతు దగ్గరే ఆగిపోవడానికి కారణం అదే.

ఎక్స్2డి బాడీలో తెర షట్టరే లేదు. దీనికోసం హాసెల్‌బ్లాడ్ చేసే ప్రతి ఎక్స్‌సిడి లెన్సులోనూ అపెర్చర్ పక్కన పలుచని రేకుల షట్టర్ ఉంటుంది. రేకులు కొంచెం తెరుచుకున్నా వెలుగు ఫ్రేము అంతటా ఒకేసారి పడుతుంది. అందువల్ల 2,000వ వంతు వేగం వరకూ ఏ వేగంలోనైనా ఫ్లాష్ కలుస్తుంది.

ఇది పనిలో ఎలా ఉంటుందో చూడాలంటే మిట్టమధ్యాహ్నపు ఎండ తీసుకోవాలి. ఐఎస్‌ఓ 64లో నిండు ఎండకు సరిపోయే లెక్క సుమారు ఎఫ్/16, 60వ వంతు. 250వ వంతు దగ్గర ఫ్లాష్ ఆగిపోయే కెమెరాలో అపెర్చర్ ఎఫ్/8 దాకా మాత్రమే తెరవగలం. వెనకున్న కొమ్మలూ కరెంటు తీగలూ స్పష్టంగా కనబడుతూనే ఉంటాయి. 2,000వ వంతుకు వెళ్ళగలిగితే అదే ఎండలో ఎఫ్/2.8 వాడవచ్చు, నేపథ్యం మసకబారుతుంది. ఇంకో లాభం ఉంది. ఫ్లాష్ వెలుగును షట్టర్ వేగం తగ్గించదు, అపెర్చరే అదుపు చేస్తుంది. ఎఫ్/8కి బదులు ఎఫ్/2.8 అంటే లెన్సు ఎనిమిది రెట్లు ఎక్కువ వెలుగును రానిస్తుంది. అప్పుడు ఎనిమిదో వంతు శక్తిగల ఫ్లాష్ చాలు. జనరేటరు, పెద్ద స్ట్రోబు మోయాల్సిన చోట చేతిలో పట్టే బ్యాటరీ ఫ్లాష్‌తో పని నడుస్తుంది. ఆరుబయట మోడళ్ళను తీసే ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్లు హాసెల్‌బ్లాడ్‌ను వదలకపోవడానికి ముఖ్య కారణం ఇదని నా అభిప్రాయం. జాగ్రత్త ఒకటి: పెద్ద స్ట్రోబులు పూర్తి శక్తితో వెలిగినప్పుడు వాటి మెరుపు నిడివి 2,000వ వంతు సెకను కన్నా ఎక్కువ ఉండొచ్చు. అప్పుడు కొంత వెలుగు షట్టర్ మూసుకున్నాక వృథా అవుతుంది.

ఈ ఏర్పాటుకు మూల్యమూ ఉంది. ప్రతి లెన్సూ తన షట్టర్ తాను మోయాలి కాబట్టి ధర పెరుగుతుంది. షట్టర్ లేని ఇతర కంపెనీల లెన్సులు తగిలిస్తే ఎలక్ట్రానిక్ షట్టరే గతి. అది సెన్సర్‌ను వరుసలవారీగా చదువుతుంది, పది కోట్ల పిక్సెళ్ళు చదవడానికి కాలం పడుతుంది. కదిలే వస్తువులు ఒరిగినట్టు వస్తాయి, ఫ్లాష్ పనికిరాదు.

ఫోకస్, స్థిరీకరణ, నిల్వ

ఎక్స్1డి వాడినవారి ప్రధాన ఫిర్యాదు ఫోకస్ నెమ్మది. అది తేడాలు పోల్చుకుంటూ ముందుకీ వెనక్కీ వెతికే పద్ధతి. ఎక్స్2డిలో సెన్సర్ మీదే 294 ఫేజ్ డిటెక్షన్ మండలాలున్నాయి, అవి దాదాపు ఫ్రేమంతటా పరుచుకుని ఉన్నాయి. మునుపటి కన్నా చాలా మెరుగు. అయినా కదిలే మనిషిని ఎడతెగకుండా వెంటాడే కంటిన్యువస్ ఫోకస్ ఇందులో లేదు. సెకనుకు మూడుకు కొంచెం పైన మాత్రమే ఫోటోలు తీస్తుంది. క్రీడలకూ, పరుగెత్తే పిల్లలకూ ఇది తగదు.

అయిదు అక్షాల్లో సెన్సర్‌ను కదిపి చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు ఎక్స్ వరుసలో మొదటిసారి ఇందులోనే వచ్చింది. ఏడు స్టాప్‌ల దాకా సాయం చేస్తుందని కంపెనీ ప్రకటన. 3.76 మైక్రాన్ల పిక్సెళ్ళున్నచోట కంటికి తెలియని వణుకు కూడా వివరాన్ని తినేస్తుంది. ఇది లేకపోతే 100 మెగాపిక్సెళ్ళలో చాలా భాగం ట్రైపాడ్ వాడేవారికే దక్కేది.

కెమెరా లోపలే ఒక టెరాబైట్ ఎస్ఎస్‌డీ ఉంది. ఒక రా ఫైలు సగటున 200 మెగాబైట్లు దాటుతుంది కాబట్టి దాంట్లో నాలుగున్నర వేలకు పైగా పడతాయి. అదనంగా సీఎఫ్ఎక్స్‌ప్రెస్ టైప్-బి కార్డు ఒకటి పెట్టుకోవచ్చు. 16 బిట్ల టిఫ్‌గా మారిస్తే ఒక్క ఫోటో 600 మెగాబైట్లవుతుంది. కెమెరాతో పాటు కంప్యూటరు, బ్యాకప్ డిస్కుల ఖర్చు కూడా కలుపుకుని బడ్జెట్ వేసుకోవాలి. బ్యాటరీతో కలిపి బాడీ బరువు 895 గ్రాములు. 57.6 లక్షల చుక్కల వ్యూఫైండరు, వెనక 3.6 అంగుళాల పైకి వాలే టచ్ స్క్రీను ఉన్నాయి. మెనూలు తక్కువ, బటన్లు తక్కువ. పదేళ్ళుగా ఇతర కెమెరాల మెనూల్లో తిరిగినవారికి ఇది పెద్ద ఊరట.

లెన్సులు, లోతు

ఎక్స్2డితో పాటు 38, 55, 90 మి.మీ. ఎక్స్‌సిడి లెన్సులు విడుదలయ్యాయి. మూడింటి గరిష్ఠ అపెర్చర్ ఎఫ్/2.5. ఫుల్ ఫ్రేమ్ లెక్కలోకి మార్చుకోవాలంటే 0.79తో గుణించాలి: 55 మి.మీ. అక్కడ 43 మి.మీ. చూపే దృశ్యాన్నే చూపుతుంది. ఫోకస్‌లో ఉండే లోతు విషయంలో ఎఫ్/2.5 దాదాపు ఫుల్ ఫ్రేమ్ ఎఫ్/2తో సమానం. మీడియం ఫార్మాట్ అంటేనే నేపథ్యం ఎక్కువ మసక అని చాలామంది నమ్ముతారు. ఫుల్ ఫ్రేమ్‌లో ఎఫ్/1.2, ఎఫ్/1.4 లెన్సులు దొరుకుతున్న ఈ రోజుల్లో ఆ నమ్మకానికి ఆధారం లేదు. అలాగే లోతు కోసం ఎఫ్/16 దాకా మూస్తే డిఫ్రాక్షన్ వల్ల వెలుగు చుక్క 20 మైక్రాన్లకు పైగా పరుచుకుని, అయిదు పిక్సెళ్ళను కమ్మేస్తుంది. ఈ సెన్సర్‌కు ఎఫ్/5.6 నుంచి ఎఫ్/11 మధ్య పనిచేయడం మేలు.

రంగుల విషయంలో హాసెల్‌బ్లాడ్‌ది వేరే దారి. ముఖాలకొకటి, ప్రకృతికొకటి అంటూ ప్రొఫైళ్ళు ఇవ్వకుండా, అన్నిటికీ ఒకే రంగుల పట్టికను 'ఫోకస్' (Phocus) అనే తన సాఫ్ట్‌వేర్‌తో అందిస్తుంది. చర్మపు రంగు ఎర్రబారకుండా వస్తుందని దీనికి పేరు.

మ్యూజియంలలో

మీడియం ఫార్మాట్ డిజిటల్ సామర్థ్యాన్ని ఎవరైనా కళ్ళారా చూడాలంటే ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం తీసిన రెంబ్రాంట్ 'నైట్ వాచ్' ఫోటో చూడాలి. 1642 నాటి ఆ చిత్రం ఎత్తు మూడున్నర మీటర్లకు పైన, వెడల్పు నాలుగున్నర మీటర్లు. శాస్త్రవేత్త రాబర్ట్ ఎర్డ్‌మన్ ఆధ్వర్యంలో హాసెల్‌బ్లాడ్ హెచ్6డి-400సి ఎంఎస్ కెమెరాతో 97 వరుసలుగా, వరుసకు 87 చొప్పున 8,439 ఫోటోలు తీసి, ఒక్కటిగా కుట్టి, 2022 జనవరిలో ప్రజల ముందు పెట్టారు. మొత్తం 717 గిగాపిక్సెళ్ళు, అంటే 71,700 కోట్ల పిక్సెళ్ళు. చిత్రం మీద అయిదు మైక్రాన్ల దూరానికి ఒక పిక్సెల్. రంగు పొరలోని పగుళ్ళ లోపల ఒక్కో వర్ణపు రేణువు కూడా తెర మీద విడిగా కనిపిస్తుంది.

ఆ కెమెరాలోని మల్టీషాట్ పద్ధతిలో సెన్సర్ ఒక పిక్సెల్ చొప్పున జరుగుతూ నాలుగుసార్లు ఫోటో తీస్తుంది. మామూలు సెన్సర్‌లో ప్రతి బిందువూ ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఒక్క రంగునే చూసి, మిగతా రెంటినీ పక్క పిక్సెళ్ళ నుంచి ఊహిస్తుంది. మల్టీషాట్‌లో ప్రతి బిందువుకూ మూడు రంగులూ నిజంగా కొలిచినవే. అర పిక్సెల్ జరుపుతో ఇంకో రెండు ఫోటోలు కలిపితే 400 మెగాపిక్సెళ్ళ బొమ్మ వస్తుంది. కదలని వస్తువుకే ఇది పనికొస్తుంది. ఎక్స్2డిలో సెన్సర్ కదిలే యంత్రాంగం ఉండి కూడా ఈ సౌకర్యం ఇవ్వలేదు. తాళపత్రాలు, వస్త్రాలు, వర్ణచిత్రాలు నమోదు చేసే సంస్థలకు ఇది పెద్ద లోటు.

పోటీదారులు, వారసుడు

ఎక్స్2డికి నేరుగా పోటీ ఫ్యూజీఫిల్మ్ జీఎఫ్ఎక్స్ వరుస. 2019లో వచ్చిన జీఎఫ్ఎక్స్100, 2021లో 5,999 డాలర్లకు వచ్చిన జీఎఫ్ఎక్స్100ఎస్ ఇదే కొలత, ఇదే 100 మెగాపిక్సెళ్ళ తరగతి సెన్సర్‌తో పనిచేస్తాయి. 4కె వీడియో, 400 మెగాపిక్సెళ్ళ మల్టీషాట్ వాటిలో ఉన్నాయి. ఫేజ్ వన్ 2018లో తెచ్చిన ఐక్యూ4 సెన్సర్ పెద్దది, ధర ఎన్నో రెట్లు.

2025 ఆగస్టులో హాసెల్‌బ్లాడ్ ఎక్స్2డి II 100సిని 7,399 డాలర్లకు ప్రకటించింది. కదిలేవాటిని వెంటాడే ఫోకస్, లైడార్ సాయం, పది స్టాప్‌ల స్థిరీకరణ, ఐఎస్‌ఓ 50 అందులో చేరాయి. మొదటి ఎక్స్2డికి ఉన్న ముఖ్యమైన లోపాలు చాలావరకు తీరాయి.

పెళ్ళిళ్ళు, సభలు, వార్తలు తీసేవారికి ఈ కెమెరా అవసరం లేదు. మంచి ఫుల్ ఫ్రేమ్ కెమెరా వారికి ఎక్కువ సాయపడుతుంది. వీడియో కూడా కావాలంటే, లేదా కళాఖండాల నమోదుకు మల్టీషాట్ కావాలంటే ఫ్యూజీఫిల్మ్ మేలు. ఎండలో ఫ్లాష్‌తో మనుషుల్ని తీసేవారికీ, గోడంత ప్రింట్లు అమ్మే ప్రకృతి ఛాయాగ్రాహకులకూ మాత్రం ఎక్స్2డి పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. కొనేముందు అద్దెకు తెచ్చుకుని, మీరు రోజూ తీసే విషయాన్నే తీసి, కనీసం 30 అంగుళాల ప్రింటు వేయించి మీ పాత కెమెరా ప్రింటు పక్కన పెట్టి చూడండి. తేడా కంటికి కనబడకపోతే ఆ డబ్బు లెన్సుల మీద పెట్టండి.